టీ పేరుతో వచ్చిన పొగాకు

మే నెల మొదటి మంగళవారం నాడు నా బల్ల మీదికి వచ్చిన పెట్టె మీద "పుదీనా కలిపిన పచ్చ టీ ఆకు" అని రాసి ఉంది. లోపల ఉన్నది పైపు పొగాకు. పెట్టె విప్పకుండానే ఆ సంగతి నాకు తెలిసింది. అరవై ఏళ్ళు పొగాకు మధ్య నిలబడ్డ ముక్కుకు అట్టపెట్టె అడ్డం కాదు.

పెట్టె రుజ్జేరో పేరు మీద వచ్చింది. రుజ్జేరో మా ఊరు మోంతెసెర్రాలో పైపు కాల్చేవాళ్ళ సంఘానికి రెండేళ్ళుగా అధ్యక్షుడు. అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఇతరుల పొలాల హద్దులు కొలిచే ఉద్యోగం చేశాడు. తన హద్దు మాత్రం ఎన్నడూ కొలుచుకోలేదు.

మా అంగడి గుమ్మం మీది బోర్డులో "ఉప్పు, పొగాకు" అని రెండే మాటలుంటాయి. ప్రభుత్వం నా తండ్రిని యుద్ధానికని రష్యా మంచులోకి పంపింది. తిరిగి తేలేకపోయింది. అతనికి బదులుగా, ఆరేళ్ళ తర్వాత, అతని విధవరాలికి ఆ బోర్డు పెట్టుకుని ఆ రెండూ అమ్ముకునే హక్కును పంపింది. నేను తండ్రి ముఖం చూడలేదు. బోర్డు కింద ఆడుకుంటూ పెరిగాను. అందువల్ల నాకది వ్యాపారం కాదు, ఒక తీర్పు. కష్టపడి సంపాదించుకున్న తీర్పును ఎవరో వచ్చి దించేస్తామంటే చేతులు కట్టుకుని చూసే అలవాటు మా ఇంట్లో లేదు.

దించేసే రోజు దగ్గర పడుతోందన్న మాట మాత్రం నిజం. సిగరెట్లు కొనేవాళ్ళు పెద్దరోడ్డు మీది పెట్రోలు బంకుకు పోతారు. నన్ను నిలబెడుతున్నది పైపు సంఘంలోని నలభై మంది. వాళ్ళందరూ వేరుదుంప మిల్లులో పనిచేసినవాళ్ళు, లేదా వాళ్ళ కొడుకులు. మా కొండ మీది పొదల వేరుదుంపను తవ్వి, కోసి, ఉడకబెట్టి, పైపులు చెక్కేవాళ్ళకు అమ్మడమే మూడు తరాలుగా ఈ ఊరి బతుకు. ఆ నలభై మందిలో ముగ్గురు గడిచిన శీతాకాలంలో ఇంటర్నెట్టుకు మళ్ళారు. అధ్యక్షుడే ఆ దారిన నడిస్తే మిగిలినవాళ్ళు వెనకాల నడుస్తారు. ఆ తర్వాత బోర్డు దించడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు.

సంఘానికి ఏటా మే నెల మూడో ఆదివారం పందెం జరుగుతుంది. మనిషికి మూడు గ్రాముల పొగాకు, రెండు అగ్గిపుల్లలు, అదిమేందుకు ఒక కొయ్య మేకు. ఎవరి పైపు అందరికంటే ఆలస్యంగా ఆరిపోతే వారిది గెలుపు. సంఘం నియమావళిలో నాలుగోది ఇలా ఉంటుంది: పందెం పొగాకును ఊరి అంగడిలోనే కొనవలెను, అంగడి యజమాని అందరి ఎదుట ముద్ర విప్పి, తూచి ఇవ్వవలెను. మా అమ్మ ఇరవై మూడేళ్ళు తూచింది. తర్వాత నేను తూస్తున్నాను. ఈ ఏడు ఏప్రిల్ దాటినా రుజ్జేరో పొగాకు తెప్పించమని నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ మంగళవారం నా బల్ల మీదే తెలిసింది.

పదకొండు గంటలకు వచ్చాడు. స్టాంపుల కోసం వచ్చిన బేకరీ ఇవానా అప్పటికి అక్కడే ఉంది.

"జెలిందమ్మా, నాకేదో పెట్టె వచ్చిందట."

"వచ్చింది. టీ అట. నీకు టీ ఎప్పుడలవాటైంది రుజ్జేరో? మీ అమ్మ కాఫీలో వేలు ముంచి నీ నోట్లో పెట్టి పెంచిందే!"

"వయసు మీద పడుతోంది కదమ్మా. కడుపుకు మంచిదన్నారు."

"పుదీనా మంచిదే. మరి పుదీనాకు చెర్రీపండ్ల పానకం వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇవానా నవ్వు ఆపుకోవడానికి స్టాంపుల వెనక జిగురు చూస్తున్నట్టు నటించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రుజ్జేరో పెట్టెను తన వైపు లాక్కుని వాసన చూశాడు.

"సరే, దాచేదేముంది? పందెం పొగాకే. మీ దగ్గర కంటే మూడో వంతు తక్కువకు వచ్చింది. వాళ్ళ దగ్గర రెండు వందల రకాలున్నాయమ్మా, మీ దగ్గర తొమ్మిది. ఒక్కసారి బొత్తం నొక్కితే చాలు, ఇంటికి తెచ్చి ఇస్తారు."

"ఇంటికా? మరి నా బల్ల మీద ఎందుకుంది?"

సమాధానం అతనికీ తెలుసు, ఇవానాకూ తెలుసు. ఆ వ్యాను నడిపేవాడు మా మెట్ల సందు ఎక్కడు. ఊరికి వచ్చే పెట్టెలన్నీ నా దగ్గర దింపేసి పోతాడు. రెండేళ్ళ క్రితం నేనే ఒప్పుకుని, పెట్టెలు ఇక్కడ దింపొచ్చని తలుపుకు పసుపు కాగితం అంటించాను. కాలు విరిగిన టీచరమ్మకు మందులు వస్తాయి, ఇవానా మనవరాలికి బడి బూట్లు వస్తాయి, మంచిదే కదా అనుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళకు నిచ్చెన కూడా నేనే వేశానని అప్పుడు తెలియలేదు.

"మరి నాలుగో నియమమో?" అన్నాను.

"పందెం రోజు మధ్యాహ్నమే సంఘం సభ ఉంది. తీసేస్తాం. చేతులెత్తేవాళ్ళు ఎంతమందో చూసుకున్నాను."

"తీసేసేదాకా అది నియమమే."

"పందెం పొద్దున, సభ మధ్యాహ్నం. ఆ నాలుగు గంటల కోసం నా మీద కేసు పెడతారా ఏంటి? ఆ మాటకొస్తే దేశం ఎల్లలు దాటి పొగాకు తెప్పించుకోవడమే తప్పంటుంది చట్టం, అందుకే టీ అని రాస్తారు. పోయి పోలీసులకు చెప్పండి!"

"మా బడిలో ఇంకొకరి మీద ఫిర్యాదు మోసుకొచ్చే పిల్లకు సిస్టర్ ఓత్తావియా ముందు అద్దం చూపించేది. నేను చాడీలు చెప్పను. నీతో చెప్పాల్సింది నీ ముఖానే చెబుతాను. నువ్వు చేస్తున్నది దొంగపని, ఆ దొంగపనికి పేరు కూడా దొంగదే పెట్టావు."

"పోనీలెండి. త్రాసు పట్టుకుని వస్తారుగా? మీరు తూచకపోతే జనానికి పందెంలా ఉండదు."

"నేను టీ తూచను," అని పుస్తకం ముందుకు తోశాను. సంతకం చేసి పెట్టె తీసుకుపోయాడు.

ఆ రోజంతా నేను చేసింది న్యాయమేనన్న ధీమా నాలో ఉంది. అది గురువారం దాకా నిలిచింది.

గురువారం ఇంకో పెట్టె దిగింది. మీద "తోట సామాను" అని ఉంది. నల్లగా, తాడులా పేనిన గట్టి పొగాకు అది. తారు, ఉప్పునీరు, కాలిన చెక్క కలిసినట్టుండే ఆ వాసనను నేను చిన్నతనం నుంచీ అసహ్యించుకుంటున్నాను. పేరు చూసి రెండోసారి చూశాను. ఫోస్కో పేరు.

ఫోస్కోకు ఎనభై ఒకటి. పద్నాలుగో ఏట మిల్లు రంపం ముందు కూర్చున్నాడు. ఆ రంపం అతని ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుంది. పందెం తొమ్మిదిసార్లు గెలిచాడు. మా గుమ్మం పక్కన ఉన్న రాతి అరుగు మీద ప్రతి ఉదయం ఎనిమిదింటికి కూర్చుంటాడు. మా అమ్మ శవపేటికను మోసినవాళ్ళలో అతనొకడు. అతనిక్కడ కొనకపోతే ఇంకెవరు కొనాలి?

పెట్టెను తీసుకుపోయి అరుగు మీద అతని పక్కన పెట్టాను.

"ఇదేంటి ఫోస్కో? తోట ఎప్పుడు వేశావు?"

అతను పెట్టె వైపు చూసి, పైపు నోట్లోంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా కోడలు ఫోనులో నొక్కింది. మిల్లు చిరునామా ఇచ్చాం. మిల్లుకని రాసినా ఆ వ్యానువాడు నీ దగ్గరే దింపుతాడని నాకేం తెలుసు!"

"నా దగ్గర దింపినందుకు కాదు అడుగుతున్నది. ఎందుకు తెప్పించావని."

"నిన్ను ఏడుసార్లు అడిగాను జెలిందా."

"ఏడుసార్లా? ఎప్పుడు?"

"మొదటిసారి మా పెద్దాడి బాప్తిస్మం అయిన ఏడు. 'అది ఓడలవాళ్ళు కాల్చేది, పెళ్ళాం పిల్లలున్నవాడు కాల్చడు' అన్నావు. రెండోసారి 'నీ ఊపిరితిత్తులకు పడదు' అన్నావు, నువ్వేదో డాక్టరువైనట్టు. ఒకసారి 'అది తెస్తే అంగడి కంపు కొడుతుంది' అన్నావు. ఒకసారి అసలు పలకలేదు, నా రోజువారీ డబ్బా తీసి చేతిలో పెట్టావు. ఏడోసారి మా ఆవిడ ఎల్వీరా చనిపోయిన ఏడు అడిగాను. 'ఇప్పుడా?' అన్నావు." అతను నా వైపు తిరిగాడు. "ఇప్పుడు కాకపోతే ఎప్పుడమ్మా? నాకు ఎనభై ఒకటి."

అతను చెప్పిన ప్రతి మాటా నేను అన్నదే. అబద్ధమని ఒక్కటి కూడా తీసివేయలేకపోయాను.

"తీసుకో," అన్నాను. "వచ్చింది నీది."

"వద్దు. వెనక్కి పంపెయ్. ముప్పై ఎనిమిదేళ్ళు ఆగినవాణ్ణి. ఇప్పుడు తోట సామానని చెప్పి ఇంటికి మోసుకెళ్ళి, తలుపేసుకుని దొంగలా కాల్చనా? మనిషన్నవాడు వీధిలో కూర్చుని కాల్చుకోవాలి." తనలో తాను నవ్వుకుని అన్నాడు: "అయినా దొంగతనం నాకు చేతకాదు. రుజ్జేరోను చూడు, వాడి టీని ఏకంగా మిల్లు నేలమాళిగలో దాచాడు. దుంపల మధ్య, తడి గోనెల కింద. ఎండిపోతుందని భయమట!"

మా ఊళ్ళో పుట్టినవాడికి ఆ భయం తల్లిపాలతో వస్తుంది. తవ్విన దుంప ఒక్క పూట ఎండలో ఉంటే పగులుతుంది. అందుకే దాన్ని చీకట్లో, తడి గోనెల కింద, నెలల తరబడి నిద్రపుచ్చుతారు. పిల్లలు జ్వరంతో పడుకున్నా తడిగుడ్డ కప్పి "పగలదులే" అనే ఊరు మాది. పొగాకుకు అది పనికిరాదు. పొగాకుకు గాలి కావాలి. పానకం పోసిన పొగాకును పన్నెండు రోజులు తడి గోనె కింద పెడితే ఏమవుతుందో మా అమ్మ నాకు పదేళ్ళ వయసులోనే చూపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు తలుపు వేశాక భోజనం ముట్టలేదు. సిస్టర్ ఓత్తావియా మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది: ఎదుటివాడి గుమ్మం మురికిగా ఉందని అనే ముందు మన గుమ్మం మూడుసార్లు ఊడ్చుకోవాలి. నేను మొదటిసారి ఊడ్చినప్పుడు రుజ్జేరో దోషమే కనిపించింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఫోస్కో కనిపించాడు. నలభై మంది మగవాళ్ళకు ఏది మంచిదో, ఏది కాదో, నేనొక్కదాన్నే కూర్చుని తేల్చాను. తొమ్మిది రకాలు చాలన్నాను. వాళ్ళు వేరే గడప తొక్కకుండా నాలుగో నియమం అడ్డు పెట్టుకుని, దానికి విశ్వాసమని పేరు పెట్టాను. నా పెట్టె మీద కూడా లోపలున్న సరుకు పేరు లేదు.

నాకు సరుకు పంపే డిపో వాళ్ళ జాబితా తీశాను. నల్ల తాడు పొగాకు చివరి పేజీలో ఉంది. ఆ పేజీని నేనెన్నడూ తిప్పలేదు. తక్కువలో తక్కువ పది తాడు చుట్టలు తీసుకోవాలని రాసి ఉంది. పదీ రాసి పంపాను.

మిగిలింది రుజ్జేరో. నేను నోరు మూసుకుంటే చాలు, ఆదివారం నాటికి తడి గోనె నా పక్షాన తీర్పు చెబుతుంది. ఆ ఆలోచన తియ్యగా ఉంది. అందుకే దాన్ని నమ్మలేదు. తీయగా వచ్చేది పగ, న్యాయం కాదు. నాలుగింటికి తలుపు తీయాల్సిన నేను, ఊరికి పై భాగాన ఉన్న అతని ఇంటికి ఎక్కి వెళ్ళాను. నూటపద్నాలుగు మెట్లు.

"పొగాకును గోనెల కింద నుంచి తియ్యి," అన్నాను, ఊపిరి తిరిగాక. "సంచిని తుడిచి, పొడిచోట గాలికి పెట్టు. ఇవాళే చెయ్యి. లేకపోతే కుళ్ళిపోతుంది."

అతను గుమ్మంలోనే నిలబడి నవ్వాడు.

"జెలిందమ్మా, బేరం పోతుందని బెంగపడి ఇంత దూరం ఎక్కొచ్చారా? మా తాత, మా నాన్న గోనె కింద పెట్టిన సరుకు ఒక్కటి పాడవలేదు."

"మీ తాత పెట్టింది వేరుదుంప. ఇది ఆకు."

"ఆకైతే మరీ త్వరగా ఎండుతుంది కదా! దిగేటప్పుడు మెట్లు జాగ్రత్త."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ పూట వినేవాడికే నేను లోకువయ్యాను. కానీ దిగివస్తున్నప్పుడు నా వీపు నిటారుగా ఉంది.

పందెం ఆదివారం మిల్లు పెరట్లో పొడవాటి బల్లలు వేశారు. ఇరవై ఆరు మంది కూర్చున్నారు. లోయ కింది మూడు ఊళ్ళ నుంచి అతిథులు వచ్చారు. ప్రతివాడి ముందూ మిల్లు ఇచ్చిన కొత్త పైపు, రెండు అగ్గిపుల్లలు, కొయ్య మేకు ఉన్నాయి. నేను త్రాసు తేలేదు. ప్రార్థన ముగించుకుని వచ్చి, గోడ పక్కన ఇవానా దగ్గర కుర్చీలో కూర్చున్నాను. త్రాసు ఉండాల్సిన చోట రుజ్జేరో వంటింటి తూనిక యంత్రం పెట్టాడు.

నేలమాళిగ నుంచి పెట్టె తెచ్చారు. రుజ్జేరో సంచి ముద్ర పైకెత్తి నలుగురికీ చూపించి చించాడు. లోపల చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయాడు. బయటికి తీసినప్పుడు అతని వేళ్ళకు అంటుకుని వచ్చింది పొగాకులా లేదు. బూడిదరంగు నూగు పట్టిన ముద్ద అది. ముద్ర వెనక సన్నని పగులు గుండా తేమ చేరింది. చెర్రీ వాసన మీదుగా పాత నేలమాళిగ వాసన పెరడంతా పాకింది.

అతిథుల పెద్ద, తెల్లమీసాల ఆయన, ముక్కు పట్టుకున్నాడు. "ఏమయ్యా, దీన్ని కాల్చాలా, పూడ్చాలా?"

"ఇంకోటి తెప్పించు రుజ్జేరో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "బొత్తం నొక్కు! గురువారానికల్లా వస్తుంది!"

పెరడంతా నవ్వింది. నేను నవ్వలేదు. రుజ్జేరో మెడ ఎర్రబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి అతను అన్ని వైపులా చూసి, చివరికి నా వైపు చూశాడు. బల్లల మధ్య నుంచి నడిచి వచ్చాడు.

"జెలిందమ్మా, అంగడి తియ్యండి. ఏదైనా సరే. ఎంతైనా సరే."

"ఆదివారం నేను అమ్మను. ఆ సంగతి నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు."

"ఇంతమంది అతిథులు... పరువు పోతుందమ్మా."

"అమ్మనన్నాను. ఇవ్వనని అనలేదు. ఇవ్వడానికి ఆదివారం అడ్డు కాదు." లేచి నిలబడ్డాను. "జేబులోంచి చెయ్యి తియ్యి, నీ డబ్బు నాకక్కర్లేదు. ఒక్క పని చెయ్యి. ఆ పెట్టె మీద ఏం రాసుందో అందరికీ వినబడేలా చదువు. తర్వాత తలుపు తీస్తాను."

"ఇందరి ముందా?"

"దాన్ని తెచ్చింది ఇందరి ముందుకే కదా."

అతను నా కళ్ళలోకి చూశాడు. తొలిసారి హద్దు ఎక్కడుందో కొలిచినట్టున్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె తిప్పాడు. "పుదీనా కలిపిన..." అని గొణిగాడు.

"వినబడలేదు!" అంది ఇవానా.

"పుదీనా కలిపిన పచ్చ టీ ఆకు!"

నవ్వు మళ్ళీ లేచింది గానీ, ఈసారి తొందరగా అణిగింది. నవ్వినవాళ్ళలో ముగ్గురు, శీతాకాలంలో నా దగ్గర టీలు, సబ్బులు, పుస్తకాలు అన్న పేర్లతో పెట్టెలు తీసుకెళ్ళినవాళ్ళు. వాళ్ళు తమ పైపులను పరీక్షగా చూసుకుంటున్నారు.

నేను ఊరి కూడలి దాటి అంగడి తెరిచి, మా అమ్మ ఇత్తడి త్రాసుతో పాటు, శుక్రవారమే డిపో నుంచి వచ్చిన నల్ల తాడు చుట్టలు రెండు తెచ్చాను. రెండూ ఫోస్కో ముందు పెట్టాను.

అతను ముట్టుకోలేదు. వాసన మాత్రం పీల్చాడు. "ఇది..."

"జాబితాలో చివరి పేజీలో ఉంది. నాకు తిప్పాలని తోచలేదు. తప్పు నాది ఫోస్కో. ఇందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది. కత్తి తియ్యి. ఇది కొయ్యడం నాకు రాదు."

మూడు వేళ్ళ ఎడమచేత్తో తాడు నొక్కిపెట్టి, మిల్లు కత్తితో కాగితమంత పలచని బిళ్ళలుగా అతను కోశాడు. మేము వాటిని నలిపి, ఎండ తగిలిన గోడ మీద పావుగంట పరిచాం. తర్వాత నేను తూచాను. ఇరవై ఆరు సార్లు మూడు గ్రాములు. రుజ్జేరో వాటాలో కూడా ఒక్క పోగు తగ్గించలేదు, పెంచలేదు.

ఆ పొగాకు ఎవరి మీదా జాలి చూపదు. ఎనిమిదో నిమిషానికే తెల్లమీసాల పెద్దాయన పైపు బల్ల మీద పెట్టి నీళ్ళడిగాడు. పద్నాలుగు నిమిషాలకు నలుగురు లేచి చెట్ల వైపు నడిచారు. రుజ్జేరో పంతం కొద్దీ పందొమ్మిది నిమిషాలు లాగి, జున్నులా తెల్లబడి ఓడిపోయాడు. గడియారం ఇరవై ఆరో నిమిషం చూపుతున్నప్పుడు, తొమ్మిదిసార్లు గెలిచిన ఫోస్కో పైపు ఆరిపోయింది.

అతను పైపును తలకిందులు చేసి తట్టాడు. తెల్లని బూడిద తప్ప ఏమీ రాలలేదు.

"మొత్తం కాల్చేశాను," అన్నాడు. "పందెమని మర్చేపోయాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆగినవాడు నెమ్మదిగా ఎలా కాలుస్తాడు?" అతని కళ్ళు నీళ్ళతో నిండాయి. పొగ వల్లనే అని అతను చెబుతాడు. "ఇప్పుడు తెలిసిందా జెలిందా, ఎందుకడిగానో?"

"తెలిసింది. కంపు మాత్రం ఇప్పటికీ కంపే."

గెలిచింది లోయ కింది ఊరి చెప్పులు కుట్టే ఆయన. యాభై మూడు నిమిషాలు. మా పందెం చరిత్రలో అంత తక్కువ సమయానికి ఎవరూ గెలవలేదు. అయినా ఆయన్ను భుజాలకెత్తుకున్నారు.

భోజనాల తర్వాత సభ జరిగింది. నాలుగో నియమం తీసేయాలన్న కాగితం రుజ్జేరో చేతిలోనే ఉంది గానీ అతను లేవలేదు. ఇప్పుడు చేతులు లేవవని అతనికి తెలుసు. కొందరు నా వైపు చూసి, గెలిచావన్నట్టు తలలూపారు. ఆ ఊపు నాకు నచ్చలేదు. నాకు సంఘంలో సభ్యత్వం లేదు, ఓటు లేదు. అనుమతి అడిగి లేచాను.

"నాలుగో నియమం తీసేయండి," అన్నాను.

"అదేంటమ్మా!" అన్నాడు ఫోస్కో.

"కూర్చో. నియమం ఉంది కాబట్టి నా గడప తొక్కేవాడు నాకు అక్కర్లేదు. దానివల్లే నేను చెడ్డాను. చివరి పేజీ తిప్పాల్సిన అవసరం నాకు లేకుండా పోయింది. మీ పొగాకు ఎక్కడ కొంటారో మీ ఇష్టం. దాని స్థానంలో ఇంకొకటి రాసుకోండి: ఎక్కడ కొన్నా, దాని అసలు పేరు అందరి ముందూ చదివి తర్వాతే ముద్ర విప్పాలి. నా బల్లకు కూడా రేపటి నుంచి అదే నియమం. మందులు మందులుగా, బూట్లు బూట్లుగా వస్తే మోస్తాను. ఒక పేరుతో వచ్చి ఇంకొకటయ్యే సరుకు మాత్రం నా చేతి మీదుగా ఎవరికీ అందదు. బోర్డు ఉంటుందో ఊడుతుందో నేను చూసుకుంటాను. మా అమ్మ దాన్ని ఎవరి దయ మీదా వేలాడదీయలేదు."

చేతులు లేచాయి. ఎన్నో నేను లెక్కపెట్టలేదు. త్రాసు చుట్టబెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఒక బుధవారం వ్యానువాడు రుజ్జేరో పేరు మీద మరో పెట్టె దింపాడు. పందేనికి ముందే చెప్పి ఉంచినదట. మీద అవే మాటలు, లోపల అదే చెర్రీ. నేను వెనక గదిలోని పొయ్యి మీద నీళ్ళు పెట్టి, బల్ల మీద కప్పు, చెంచా, చక్కెర సర్ది ఉంచాను. పదకొండింటికి రుజ్జేరో వచ్చేసరికి ఇవానా, టీచరమ్మ, పోస్టాఫీసు ఆయన వరసలో ఉన్నారు. అరుగు మీద ఫోస్కో తన నల్ల తాడు కాలుస్తున్నాడు. తలుపు తీసినప్పుడల్లా ఆ కంపు లోపలికి వస్తోంది. భరిస్తున్నాను.

"నీ టీ వచ్చింది," అన్నాను. "నీళ్ళు మరుగుతున్నాయి. టీ అయితే ఇక్కడే విప్పి ఒక కప్పు తాగి తీసుకుపో. కాకపోతే ఏంటో చెప్పు."

"తాగరా అబ్బాయ్!" అన్నాడు ఫోస్కో బయటి నుంచి. "కడుపుకు మంచిది!"

రుజ్జేరో కప్పు వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. అది పొగాకు అని ఒప్పుకుంటే ఆ పెట్టె నా చేతి నుంచి అతనికి అందదు, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వెనక గదిలో మూత చప్పుడు చేయడం మొదలైంది. అతను నా పెన్ను తీసుకుని, పెట్టె మీది మాటలను ఒక్క గీతతో కొట్టేసి, పైన "పొగాకు" అని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టాడు. పెట్టెను నా వైపు తోశాడు.

"వెనక్కి పంపండి."

పంపే సంచిలో వేశాను. అతను వెళ్ళలేదు. బల్ల అంచు పట్టుకుని, నా వెనక ఉన్న అరల వైపు చూశాడు. అక్కడిప్పుడు పద్నాలుగు రకాలున్నాయి.

"ఏదైనా ఒకటివ్వండి జెలిందమ్మా. ఫోస్కో మావ కాల్చేది తప్ప."

నా చెయ్యి అలవాటు కొద్దీ మూడో అరలోని గోధుమరంగు డబ్బా మీదికి పోయింది. ఇరవై ఏళ్ళుగా అతని చేతిలో పెడుతున్న డబ్బా అది. అతనికి అదే మంచిది. అతనికి అదే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నీకేం కావాలి రుజ్జేరో?" అని అడిగాను.